చిత్తుప్రతి గోడెక్కిన కథ

హైదరాబాదులో సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లిన వాళ్లు తప్పకుండా ఆగే చోట్లు రెండున్నాయి. ఒకటి, బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు. రెండోది, మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి విగ్రహంలో బైబిలు కథలోని రెబెక్కా, కాబోయే భర్త ఎదురు వస్తున్నాడని తెలిసి ముఖం మీదికి ముసుగు దించుకుంటుంది. ముసుగూ రాయే, ముసుగు వెనక కనిపించే ముక్కూ పెదవులూ రాయే. అయినా మన చూపు ఆ పలుచని బట్టను దాటుకుని లోపలి ముఖం మీద వాలుతుంది. ఉలి తగిలిన గుర్తు ఎక్కడా కనబడదు. మొన్న అక్కడ నా పక్కన నిలబడిన ఒక పెద్దాయన తన మనవరాలితో "పనితనమంటే ఇదీ అమ్మా" అన్నారు. ఆ మాటతో నాకేమీ పేచీ లేదు, కానీ ఆ విగ్రహం కొన్న సంవత్సరం తలపుకు వచ్చి, ఇంటికి వచ్చేదాకా నన్ను వదలలేదు.

మొదటి సాలార్ జంగ్ ఆ విగ్రహాన్ని 1876లో ఐరోపా యాత్రలో కొన్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో పారిస్‌లోని ల్ పెలెతియే వీధిలో, ద్యురాన్ రుయెల్ అనే వర్తకుడి చిత్రశాలలో మోనే, రెన్వార్, దెగా, పిసారో, సిస్లీ, బెర్త్ మొరిసో వంటి చిత్రకారులు, అంటే ఇంప్రెషనిస్టులుగా పేరుపడినవాళ్లు, తమ రెండో ప్రదర్శన పెట్టారు. దాన్ని చూసి వచ్చిన ఆల్బేర్ వోల్ఫ్ అనే విమర్శకుడు ఫిగారో పత్రికలో, అక్కడ అయిదారుగురు పిచ్చివాళ్లు, అందులో ఒకరు స్త్రీ, కాన్వాసులూ రంగులూ కుంచెలూ పట్టుకుని ఏవో నాలుగు రంగులు విసిరి కింద సంతకం పెట్టారని రాశాడు. రెన్వార్ చిత్రించిన ఒక యువతి దేహం మీద చెట్ల ఆకుల గుండా పడిన వెలుగు మచ్చలను చూసి, అది ఆకుపచ్చ, ఊదా మరకలతో కుళ్లుతున్న మాంసంలా ఉందన్నాడు. ఆ చిత్రాన్ని రెన్వార్ "అధ్యయనం" అన్న పేరుతోనే ప్రదర్శించాడు. అంటే, ఫ్రాన్సు కళా అకాడమీ భాషలో, అసలు చిత్రానికి ముందు వేసుకునే అభ్యాసం. వోల్ఫ్ కోపానికి సగం కారణం ఆ పేరులోనే ఉందని నా అభిప్రాయం.

ఆధునిక చిత్రకళ పుట్టుకను చెప్పేటప్పుడు సాధారణంగా దాన్ని తిరుగుబాటు కథగా చెబుతారు: ఒక పక్క మూర్ఖులైన ముసలి అకాడమీ పండితులు, మరో పక్క ప్రతిభావంతులైన యువకులు, చివరకు యువకుల విజయం. ఆ కథ నాకు ఎప్పుడూ పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. పండితులు మూర్ఖులు కారు. యువకుల్లో చాలామంది ఆ పండితుల దగ్గర చదువుకున్నవాళ్లే. ఈ సంగతిని నేను అర్థం చేసుకున్నది మన బడి మాటల్లో: చిత్తుప్రతి, శుద్ధప్రతి. ఏ బొమ్మ చిత్తు, ఏ బొమ్మ శుద్ధం, ఎప్పుడు పని ముగిసినట్టు, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది అన్న తగాదా అది. పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఆ తగాదా నలభై యాభై ఏళ్లు నడిచింది.

నేను బడిలో ఉండగా డ్రాయింగ్ లోయర్ పరీక్షకు కూర్చున్నాను. బల్ల మీద ఒక కుండ, దాని పక్కన రెండు పండ్లు పెట్టి, గడువులోగా పెన్సిలుతో దించమనేవారు. మా డ్రాయింగ్ మాస్టారు పెన్సిలు పొడిని వేలికి చుట్టిన గుడ్డతో రుద్దించి, గీత కనబడకుండా నీడ మాత్రమే మిగిలేదాకా ఊరుకునేవారు కారు. నా రఫ్ నోటుబుక్కులో పది నిమిషాల్లో గీసిన కుండ ఎందుకో నిజం కుండలా ఉండేది. డ్రాయింగ్ కాగితం మీద రెండు గంటలు రుద్దిన కుండ మాత్రం బిగుసుకుపోయేది. మార్కులు రెండోదానికే వచ్చేవి. ఆ మార్కుల పద్ధతి ఎక్కడి నుంచి నడిచి వచ్చిందో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పారిస్‌లో రాజు ఆశ్రయంలో చిత్రకళా, శిల్పకళా అకాడమీ 1648లో ఏర్పడింది. అంతకుముందు చిత్రకారుడు వడ్రంగి, కంసాలి లాగా ఒక వృత్తి సంఘంలో సభ్యుడు. అకాడమీ వచ్చి, మాది చేతిపని మాత్రమే కాదు, బుద్ధితో చేసే విద్య అని వాదించింది. తక్కినవన్నీ ఈ వాదం నుంచే పుట్టాయి. బుద్ధికి ఎక్కువ పని పెట్టే చిత్రం గొప్పది కాబట్టి పురాణ, బైబిలు, చరిత్ర ఘట్టాలు అన్నిటికన్నా పైన నిలిచాయి. ఆ తర్వాత వ్యక్తుల రూపచిత్రాలు, ఆ తర్వాత నిత్యజీవిత దృశ్యాలు, ఇంకా కింద ప్రకృతి దృశ్యాలు, అట్టడుగున పండ్లూ పాత్రలూ. రంగు కంటికి సంబంధించినది, రేఖ బుద్ధికి సంబంధించినది కాబట్టి రేఖకు అగ్రతాంబూలం. రేఖే కళకు నిజాయతీ అని ఆంగ్ర్ అనే చిత్రకారుడు అన్న మాట ఆ మతానికి మూలమంత్రం.

చదువు కూడా ఆ క్రమంలోనే సాగేది. విద్యార్థి మొదట ముద్రిత చిత్రాలను చూసి గీయాలి, తర్వాత గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ నకళ్లను చూసి గీయాలి, అందులో చెయ్యి తిరిగాక గాని ఎదుట నిలబడిన మనిషిని గీయడానికి అనుమతి దొరకదు. ఆ నగ్న దేహ చిత్రానికే "అకాడమీ" అని పేరు. విచిత్రమేమంటే, ప్రభుత్వ లలితకళా పాఠశాలలో 1863 సంస్కరణ దాకా రంగులు వేయడం నేర్పేవారే కారు. దానికి విద్యార్థి ఎవరో ఒక గురువు సొంత చిత్రశాలలో డబ్బు కట్టి చేరాలి. స్త్రీలకు ఆ పాఠశాలలో ప్రవేశం 1897లో గాని దొరకలేదు.

చిత్రం తయారయ్యే ప్రతి మెట్టుకూ ఒక పేరుండేది. మనసులో మెదిలిన కూర్పును గబగబా పెట్టుకునేది ఎస్కీస్. చెట్టునో చేతినో ఎదుట పెట్టుకుని వేసుకునే అభ్యాసం ఎత్యూద్. అసలు కాన్వాసు మీద పలుచగా వెలుగునీడలను పరిచే మొదటి పూత ఎబోష్. ఇవన్నీ దాటాక నిలిచేది తాబ్లో, అంటే చిత్రం. ఎబోష్ నుంచి తాబ్లోకు తీసుకువెళ్లే ఆఖరి పనిని ఫీని అనేవారు. తుదిమెరుగు అనుకోవచ్చు. కుంచె జాడలన్నీ అణిగిపోయి, చర్మం చర్మంలా, పట్టు పట్టులా, చిత్రకారుడనే మనిషి అసలు అక్కడ లేనట్టుగా ఉండాలి. రెబెక్కా ముసుగు మీద మనం మెచ్చుకునేది ఈ ఫీనినే.

ఈ పద్ధతి ఎంత కఠినమైనదో రోమ్ బహుమతి పోటీలో కనబడుతుంది. వడపోతల తర్వాత మిగిలిన పది మందిని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి ఒక విషయం ఇచ్చేవారు. వాళ్లు ముందుగా ఎస్కీస్ వేసి అప్పగించాలి. ఆ తర్వాత 72 రోజుల్లో దాన్ని తాబ్లోగా మార్చాలి. మొదటి కూర్పు నుంచి పక్కకు జరగడానికి వీల్లేదు. గెలిచినవాడు ప్రభుత్వ ఖర్చుతో కొన్నేళ్లు రోములోని విల్లా మెదిచిలో ఉండి చదువుకుంటాడు, తిరిగి వచ్చాక చర్చిల గోడలూ ప్రభుత్వ భవనాల కప్పులూ అతని కోసం ఎదురుచూస్తుంటాయి. ఈ నియమాలను వింటే మనకు నవ్వు రావచ్చు గాని, దాని వెనక ఒక తర్కముంది: స్ఫూర్తి ఒక పూటలో ఎవడికైనా వస్తుంది, దాన్ని పది వారాలపాటు చల్లారకుండా మోయగలవాడే చిత్రకారుడని వాళ్ల నమ్మకం. కావ్యం రాసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసిపారేయలేరు.

చిక్కెక్కడంటే, ఆ మోతలో ఏదో జారిపోతున్నదని అకాడమీ వాళ్లకే తెలుసు. వలాన్సియెన్ అనే ప్రకృతి చిత్రకారుడు 1800లో అచ్చయిన తన పాఠ్యగ్రంథంలో, ఆరుబయట అధ్యయనం వేసేటప్పుడు రెండు గంటలకు మించి కూర్చోవద్దని, సూర్యోదయమో సూర్యాస్తమయమో అయితే అరగంట చాలని, వెలుగు మారిపోయాక వేసేది అబద్ధమని బోధించాడు. డెబ్భై ఏళ్ల తర్వాత మోనే చేసిన పని ఇదే కదా అనిపిస్తుంది. రోము ఇళ్ల పైకప్పుల మీద వానకు ముందు, వాన తర్వాత పడిన వెలుగును వలాన్సియెన్ చిన్న చిన్న కాగితాల మీద నూనె రంగుల్లో పట్టుకున్నాడు. వాటిని ఒక్కసారి కూడా ప్రదర్శించలేదు. అవి పనిముట్లు, వడ్రంగి తన బాడిసెను వాకిట్లో వేలాడదీయడు కదా.

ఇందుకు నాకు తెలిసిన చక్కని ఉదాహరణ కోరో అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన నార్నీ వంతెన. 1826లో ఇటలీలో తిరుగుతూ, కూలిపోయిన ఒక రోమన్ వంతెనను అతడు ఎదుట కూర్చుని చిన్న అధ్యయనంగా వేశాడు. అది ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. మట్టిరంగు నీళ్లు, ఎండకు తెల్లబారిన ఒడ్డు, దూరాన నీలి కొండలు, అంతే. ముందున్న నేలను నాలుగు వెడల్పాటి పూతలతో వదిలేశాడు. ఆ తర్వాత దీని ఆధారంగా 1827 ప్రదర్శన కోసం పెద్ద కాన్వాసు తయారుచేశాడు. అది కెనడాలోని ఒటావాలో ఉంది. అందులో అదే వంతెన, అదే నది. కానీ ఒక పక్క గొడుగుల్లాంటి పైన్ చెట్లు మొలిచాయి, బాట పడింది, మేకలూ కాపరులూ వచ్చారు, గరుకు ఒడ్డు చక్కగా సర్దుకుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కాలం వాళ్లం నూటికి తొంభై మందిమి చిన్నదాన్నే ఎంచుకుంటాం. ఆనాడు కోరో కూడా తన చిన్నదాన్ని తక్కువగా చూసి ఉంటాడని నేననుకోను. కానీ దాన్ని ప్రదర్శనకు పంపాలన్న ఆలోచన మాత్రం అతనికి రాలేదు. ఇద్దరి కళ్లు ఒకటే, మధ్యలో మారింది గోడ.

ఆ గోడ పేరు సలాన్. లూవ్ర్‌లో ప్రదర్శన జరిగిన గది పేరే ప్రదర్శనకూ వచ్చింది. మన ఊళ్లలో జుట్టు కత్తిరించే సెలూన్ కూడా అదే మాటకు చుట్టం. ప్రభుత్వం నడిపే ఆ ప్రదర్శనలో చోటు దొరికితేనే పేరు, పతకం, కొనుగోలుదారు. లోపలికి ఎవరిని రానివ్వాలో నిర్ణయించే న్యాయమండలిలో అకాడమీ వాళ్లదే పెత్తనం. నేల నుంచి కప్పుదాకా ఒకదాని మీద ఒకటి వేల చిత్రాలు వేలాడే ఆ హాళ్లలో చిన్న అధ్యయనం ఎవరి కంటికీ ఆనదు. కాబట్టి పెద్దగా, నాటకీయంగా, మెరిసేలా వేయడం చిత్రకారుడికి బతుకుతెరువు కూడా. కళాసిద్ధాంతాల గురించి మాట్లాడేవాళ్లు ఈ గోడల సంగతిని తరచు మరిచిపోతారు.

1863లో సుమారు 5,000 చిత్రాలు, శిల్పాలు వస్తే న్యాయమండలి సగానికి పైగా వెనక్కి పంపింది. గగ్గోలు చక్రవర్తి మూడో నెపోలియన్ చెవిన పడింది. ఆయన అభిరుచి పూర్తిగా పాతకాలపుదే. అయినా జనమే తేల్చుకుంటారని చెప్పి, తిరస్కృతులకు అదే భవనంలో వేరే భాగం ఇప్పించాడు. జనం నవ్వుకోవడానికి గుంపులుగా వచ్చారు. అక్కడే మానే చిత్రించిన "పచ్చికపై భోజనం" ఉంది: ఆ కాలపు కోటు వేసుకున్న ఇద్దరు మగవాళ్ల మధ్య బట్టలు లేని యువతి, మన వైపే నిర్భయంగా చూస్తూ. అసలు ప్రదర్శనలో అదే ఏడాది కబనెల్ చిత్రించిన "వీనస్ జననం" ఉంది; అలల మీద ఒళ్లు విరుచుకుని పడుకున్న ఆ నగ్న దేవతను చక్రవర్తి స్వయంగా కొన్నాడు. నగ్నత్వం ఎవరికీ అభ్యంతరం కాదన్నమాట.

మానేను అజ్ఞాని అనడానికి వీల్లేదు. కూత్యూర్ అనే పేరుమోసిన గురువు దగ్గర ఆరేళ్లు చదివినవాడు. ఆ ముగ్గురి కూర్పును రఫాయేల్ గీసిన ఒక చిత్రం ఆధారంగా చెక్కిన పాత ముద్రణ నుంచి తీసుకున్నాడు. అతడు విడిచిపెట్టింది మధ్యఛాయలను. వెలుగు నుంచి నీడకు మెల్లగా దిగే మెట్లను తీసేసి, తెలుపు పక్కనే ముదురు రంగును నిలబెట్టాడు. ఒంటి గుండ్రదనం పోయి, ఎదురుగా దీపం పెట్టినట్టు దేహం చదునుగా వెలిగింది. ఆ మెట్లను నేర్చుకోవడానికే విద్యార్థులు ప్లాస్టర్ బొమ్మల ముందు ఏళ్ల తరబడి కూర్చున్నారు. వాటిని ఒకడు కావాలని ఎగరగొడితే ఆ చదువుకు విలువేమిటని వాళ్లకు అనిపించడం సహజమే. కూత్యూర్ కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆయన తన శిష్యులకు తొలి పూతలోని తాజాదనాన్ని కాపాడుకోమని చెప్పేవాడు. 1792 నాటి స్వచ్ఛంద సైనికుల మీద ప్రభుత్వం అడిగిన మహాచిత్రానికి ఎన్నో ఎస్కీసులు వేసి, ఆ పెద్ద కాన్వాసును చివరికి ముగించలేకపోయాడు. గురువుకు ముగింపు దొరకలేదు; శిష్యుడికి దాని అవసరం కనిపించలేదు.

(మానే, మోనే వేరు వేరు మనుషులు. 1865 సలాన్‌లో మోనే సముద్ర దృశ్యాలకు జనం తనను అభినందిస్తుంటే మానే చిరాకుపడ్డాడట. తెలుగులో రాసేటప్పుడు నాకూ రెండుసార్లు చెయ్యి తడబడింది.)

ఇక 1874. ఏప్రిల్ 15న కపుసిన్ బులెవార్డులో, నదార్ అనే ఫొటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో ముప్పై మంది సొంత ఖర్చుతో ప్రదర్శన తెరిచారు. న్యాయమండలి లేదు, పతకాలు లేవు, టికెట్టు ఒక ఫ్రాంకు. సంఘం పేరు ఏదో వ్యాపార సంస్థలా "చిత్రకారుల, శిల్పుల, ముద్రణకారుల అనామక సంఘం" అని పెట్టుకున్నారు. నెల రోజుల్లో సుమారు 3,500 మంది వచ్చారు. ఏడాది చివర లెక్క చూసుకుంటే ఒక్కొక్కరు 184 ఫ్రాంకుల 50 సెంతీములు బాకీ తేలి, సంఘాన్ని మూసేశారు.

మోనే అక్కడ పెట్టిన చిత్రాల్లో ల్ ఆవ్ర్ రేవులో పొగమంచు మధ్య నారింజ రంగు సూర్యుడి చిత్రమొకటి. కేటలాగుకు పేరు అడిగితే, దాన్ని ల్ ఆవ్ర్ దృశ్యమని చెప్పడానికి మనసొప్పక "ఇంప్రెషన్ అని వేయండి" అన్నానని అతడు తర్వాత చెప్పుకున్నాడు. ఆ మాట చిత్రకారుల మధ్య ఎప్పటినుంచో ఉన్నదే. వెలుగు మనసు మీద వేసిన తొలి ముద్ర అని, అంటే చిత్తు అని అర్థం. 1861లోనే గోతియే అనే కవి-విమర్శకుడు, దోబిన్యీ అంతటి ప్రకృతి చిత్రకారుడు వివరాలు వదిలేసి ఒక ఇంప్రెషన్‌తో సరిపెట్టుకోవడం జాలి గొలుపుతున్నదని రాశాడు. షరివారి పత్రికలో లూయీ లెర్వా ఆ మాటను పట్టుకుని, ఒక ముసలి అకాడమీ చిత్రకారుడు ప్రదర్శన చూస్తూ చూస్తూ మతి పోగొట్టుకున్నట్టు హాస్య సంభాషణ రాశాడు. అందులోని ఒక వాక్యం నాకు ఎంతో ఇష్టం: గోడకు అంటించే కాగితం, ఇంకా పిండదశలో ఉన్నది కూడా, ఈ సముద్ర చిత్రంకన్నా ఎక్కువ పూర్తయి ఉంటుంది! ఎగతాళే అయినా అసలు ఆరోపణ అందులో ఖచ్చితంగా ఉంది. సూర్యుడు నారింజ రంగులో ఉండడం గాని, రేవు నిండా మసి ఉండడం గాని అతనికి పట్టలేదు. ఇది ఇంకా పూర్తి కాలేదు, పూర్తికాని దాన్ని నాకెందుకు చూపిస్తున్నారన్నదే అతని ఫిర్యాదు.

కొద్ది రోజులకే కస్తన్యారీ అనే మరో విమర్శకుడు, వీళ్లు చూపిస్తున్నది దృశ్యాన్ని కాదు, దృశ్యం కలిగించిన అనుభూతిని అని రాశాడు. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యంతో తగాదా పరిభాషే మారిపోయింది. చూపించవలసింది వస్తువైతే ప్రతి ఆకూ రావాలి, అప్పుడు పని ఎక్కువ మిగిలి ఉన్నట్టే. చూపించవలసింది ఆ క్షణపు అనుభూతి అయితే, క్షణం అయిపోయింది కాబట్టి పని కూడా అయిపోయినట్టే.

తగరపు గొట్టాల్లో రంగులు వచ్చాయి, రైళ్లు వచ్చాయి, ఫొటో వచ్చింది, అందుకే ఈ కళ వచ్చిందని పుస్తకాల్లో ఉంటుంది. గొట్టం 1841లో, ఫొటో 1839లో వచ్చాయి; గొట్టాలూ రైళ్లూ లేకపోతే పారిస్ దగ్గరి ఆర్జెంతోయి నదీతీరంలో మోనే కాన్వాసు పరిచి కూర్చోవడం కష్టమే. కానీ ఆ గొట్టాలను అకాడమీ వాళ్లూ కొన్నారు, ఆ రైళ్లలో వాళ్లూ ఎక్కారు. నాకు వీటికన్నా పెద్ద కారణంగా కనిపించేది కొనేవాడు మారడం. 1872లో ద్యురాన్ రుయెల్ మానే చిత్రాలు 23 ఒక్కసారిగా 35,000 ఫ్రాంకులకు కొన్నాడు. వర్తకుడి గదిలో చిత్రం కంటి ఎత్తున, రెండడుగుల దూరంలో ఉంటుంది. కొన్నవాడి ఇంట్లో సోఫా పైన ఉంటుంది. రాజభవనపు కప్పుకోసం పుట్టిన తుదిమెరుగు అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

నా వాదానికి ఎదురు నిలిచే ఒక చిత్రాన్ని దాటవేస్తే అన్యాయమవుతుంది. కైబోత్ చిత్రించిన "నేల చిత్రిక పట్టేవాళ్లు" 1875లో సలాన్‌కు వెళ్లి తిరస్కృతమై, మరుసటి ఏడాది ల్ పెలెతియే వీధిలో ప్రదర్శనకు వచ్చింది. చొక్కాలు విప్పిన ముగ్గురు పనివాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చెక్క నేలను చిత్రిక పడుతుంటారు. కిటికీ వెలుగు తడి చెక్క మీద మెరుస్తుంటుంది. రేఖలు, కండలు, దూరాలు అన్నీ పాఠశాలలో నేర్పినంత శుద్ధంగా ఉంటాయి. ఇందులో ముగియనిదేమీ లేదు. అయినా వద్దన్నారంటే, ఇక్కడ అడ్డొచ్చింది విషయమే: హెర్క్యులీస్‌కు చెందవలసిన వీపును కూలివాడికి ఇచ్చాడు. ఇరవై అయిదేళ్ల ముందు కూర్బే అనే చిత్రకారుడు తన ఊరి శవసంస్కారాన్ని ఆరున్నర మీటర్ల కాన్వాసు మీద వేసినప్పుడు రేగిన గొడవ కూడా ఇదే. కాబట్టి అకాడమీతో తెగతెంపులు రెండు చోట్ల జరిగాయి. ఒకటి ఏది చిత్రించాలన్న దగ్గర, రెండోది ఎక్కడ ఆపాలన్న దగ్గర. మొదటిదాన్ని జనం త్వరగానే జీర్ణించుకున్నారు. రెండోది మాత్రం ఈనాటికీ, "ఇది మా పిల్లవాడు కూడా వేస్తాడు" అన్న మాటలో వినిపిస్తూనే ఉంది.

ఆ మాట ఒకసారి కోర్టుకు కూడా ఎక్కింది. 1863లో మానే పక్కన తిరస్కృతుడైన విస్లర్ తర్వాత లండన్‌లో, చీకట్లో రాలుతున్న బాణసంచా నిప్పురవ్వలను నలుపు, బంగారు రంగుల్లో చిత్రించాడు. రస్కిన్ అనే మహా విమర్శకుడు, జనం ముఖాన రంగుల కుండ విసిరినందుకు ఈ మనిషి రెండు వందల గినీలు అడుగుతున్నాడని రాశాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878 నవంబరులో ఎదుటి పక్షం న్యాయవాది, రెండు రోజుల శ్రమకు రెండు వందల గినీలా అని నిలదీస్తే, కాదు, ఒక జీవితకాలపు జ్ఞానానికి అడుగుతున్నాను అన్నాడు. న్యాయస్థానం అతని పక్షాన తీర్పు చెప్పి, నష్టపరిహారంగా ఒక ఫార్దింగ్, అంటే పావు పెన్నీ, ఇప్పించింది. ఖర్చుల కింద మునిగిపోయి మరుసటి ఏడాది దివాలా తీశాడు. ఈ కేసులో నాకు రస్కిన్ మీద కూడా కొంత జాలి ఉంది. ఆయన దృష్టిలో తుదిమెరుగు అంటే చేతిశ్రమ పట్ల గౌరవం; కుంచె జాడ తుడిచేయడం కొనేవాడికి ఇచ్చే మర్యాద. చెమటకు వెల కట్టడం తెలిసిన లోకంలో, తెలివికి వెల కట్టమని ఒకడు అడగడం ఆయనకు మోసంగా కనిపించింది.

తర్వాతి సంగతులు వేగంగా నడిచాయి. 1880 తర్వాత ప్రభుత్వమే సలాన్ నిర్వహణ నుంచి తప్పుకుంది. 1884లో న్యాయమండలీ బహుమతులూ లేని స్వతంత్రుల ప్రదర్శన మొదలైంది. 1894లో కైబోత్ చనిపోతూ మిత్రుల చిత్రాలు అరవైకి పైగా ప్రభుత్వానికి రాసిస్తే, జెరోమ్ వంటి అకాడమీ పెద్దలు మండిపడ్డారు. సుమారు నలభై మాత్రం తీసుకున్నారు. ఇప్పుడు కబనెల్ వీనస్, మానే భోజనం, కైబోత్ పనివాళ్లు పారిస్‌లో మ్యూజియంగా మారిన ఓర్సే అనే పాత రైల్వే స్టేషనులో ఒకే కప్పు కింద ఉన్నారు.

ఈ చిత్రకారుల్లో అందరికన్నా ముందుకు వెళ్లినవాడు సెజాన్. 1874 సెప్టెంబరులో తల్లికి రాసిన ఉత్తరంలో అతడు ఫీనిని మందమతులు మెచ్చుకునే వస్తువు అన్నాడు. ఆ మాట విని అతడు తొందరగా ముగించే రకమనుకుంటే పొరపాటు. 1899లో వోలార్ అనే వర్తకుడు అతని ముందు రూపచిత్రానికి కూర్చున్నాడు. పెట్టె మీద వేసిన కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడి కింద పడితే, ఆపిల్ పండు కదులుతుందా అని సెజాన్ కసిరాడట. అలా 115 సార్లు కూర్చోబెట్టాడు. రోమ్ బహుమతి కోసం గదిలో కూర్చున్న కుర్రాళ్లకు అకాడమీ ఇచ్చిన గడువు 72 రోజులే కదా! ఇంత చేసినా ఆ చిత్రంలో వోలార్ చేతి మీద రెండు చోట్ల కాన్వాసు అలాగే బోడిగా మిగిలిపోయింది. వోలార్ మెల్లగా ఆ సంగతి ఎత్తితే, అక్కడ పెట్టవలసిన రంగు ఇంకా దొరకలేదని, ఏదో ఒకటి పెట్టేస్తే ఆ చోటి నుంచి మొదలుపెట్టి చిత్రమంతా మళ్లీ వేయాల్సి వస్తుందని సెజాన్ అన్నాడట. వోలార్ ఇక నోరెత్తలేదు. పని అక్కడే ఆగింది. చొక్కా ముందుభాగం మాత్రం తనకు అంత అసంతృప్తిగా లేదని సెజాన్ ఒప్పుకున్నాడు.